నాన్న కువైట్‌కు పోతున్నాడని పిల్లలకు ఎట్లా చెప్పాలి? చిన్నప్పుడు ఇది చూసినవాళ్లు దయచేసి రాయండి

చంద్రగిరి_అక్క:
అందరికీ నమస్కారం. మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా ఆయనకు కువైట్‌లో ఇంటి డ్రైవర్ వీసా వచ్చింది, మెడికల్ కూడా అయిపోయింది. వచ్చే నెల మొదట్లో చెన్నై నుంచి టికెట్ ఉంటుందని ఏజెంటు అంటున్నాడు. ఇక్కడ ఆయన లగేజీ ఆటో నడిపేవాడు. ఫైనాన్స్ కట్టలేక బండి పోయింది, ఆ తర్వాత తిరుమల ట్రిప్పులకు వేరేవాళ్ల జీపు తోలినా నిలకడగా డబ్బు రాలేదు. పోవాలా వద్దా అనే చర్చ మా ఇంట్లో అయిపోయింది. దయచేసి దాన్ని ఇక్కడ మళ్లీ మొదలుపెట్టొద్దు.

నా టెన్షన్ అంతా పిల్లల గురించే. బాబు నాలుగో తరగతి, పాపకు నాలుగేళ్లు. మా అత్త ఏమంటుందంటే, ముందే చెప్తే ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంటారు, రాత్రి పిల్లలు నిద్రపోయినాక గమ్మున వెళ్లిపోతే నాలుగు రోజులు అడిగి ఊరుకుంటారు అని. మా మామ కూడా ఆ రోజుల్లో సౌదీకి అట్లాగే పోయినాడంట. మా ఆయన్ని అడిగితే నీ ఇష్టం అని బయటికి వెళ్లిపోతాడు. నాకేమో ఏదీ తేలడం లేదు. మీలో ఎవరి నాన్నైనా అట్లా వెళ్లి ఉంటే, అప్పుడు మీకు ఎట్లా ఉండింది, ఇంట్లోవాళ్లు ఏం చేసి ఉంటే బాగుండేది అనిపిస్తుంది, కాస్త చెప్పండి.

పీలేరు_పిల్లోడు:
అక్కా, రాత్రిపూట చెప్పకుండా పోవడం మాత్రం వద్దు. ఇంకేమైనా చేయండి, అది వద్దు.

మా నాన్న నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు అట్లాగే వెళ్లాడు. పొద్దున లేచి అడిగితే తిరుపతికి పోయినాడు, సాయంత్రం వస్తాడు అన్నారు. సాయంత్రం అడిగితే రేపు అన్నారు. ఆ రేపు చానా రోజులు సాగింది. చివరికి బడిలో నా పక్కన కూర్చునేవాడు అడిగాడు, మీ నాయన కువైట్‌కు పోయినాడంట కదా, నీకేం తెస్తాడు అని. ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప. నాన్న వెళ్లినందుకు కంటే దానికే ఎక్కువ ఏడ్చాను.

ఆ తర్వాత నేను నిద్రపోవడానికే భయపడేవాణ్ని. నిద్రపోతే ఇంకొకరు పోతారు అని నా లెక్క. అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుని పడుకునేవాణ్ని, ఆమె పాలు పిండడానికి తెల్లవారుజామున లేస్తే నాకూ మెలకువ వచ్చేసేది. ఐదో తరగతికి వచ్చినా ఆ అలవాటు పోలేదు, అందరూ ఆడపిల్ల మాదిరి కొంగు పట్టుకుంటాడు అని నవ్వేవాళ్లు. ఎందుకు పట్టుకుంటున్నానో ఒక్కరూ అడగలేదు.

నాన్న రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. అట్టపెట్టెలకు నైలాను తాడు బిగించి, పైన నల్ల మార్కరుతో పేరు, ఊరు, మండలం, జిల్లా పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. నిడో డబ్బాలు, టాంగ్ పొడి, పులి బొమ్మ దుప్పటి, అవ్వకు మోకాళ్లకు పూసుకునే గొడ్డలి గుర్తు తైలం, ఖర్జూరాలు. పెట్టె విప్పేదాకా మేం ఆయన చుట్టూ ఉండేవాళ్లం. విప్పినాక మా వస్తువులు మేం తీసుకుని వీధిలోకి పరుగు. ఆయన ఖాళీ పెట్టె పక్కన మంచం మీద కూర్చుని ఉండేవాడు. మా చెల్లెలైతే మొదటిసారి ఆయన్ని చూసి తలుపు వెనక దాక్కుంది, ఫోన్‌లో నాన్నా నాన్నా అని గంటసేపు మాట్లాడే పిల్ల. ఫోన్‌లో ఉండే మనిషి వేరు, గడప దాటి వచ్చిన మనిషి వేరు ఆ వయసుకు.

ఇంకొక సంగతి అక్కా. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అత్త, మామ, చిన్నాన్న అందరూ చుట్టూ కూర్చుంటే పిల్లోడు ఏం మాట్లాడతాడు? తిన్నావా, బాగా చదువుతున్నావా, అమ్మ మాట వింటున్నావా. మూడింటికీ ఆఁ అనడమే. నా చిన్నతనం మొత్తం ఆ మూడు ఆఁలే. బాబుకు ఫోన్ ఇచ్చి, స్పీకర్ తీసేసి, మిద్దె మీదికి పంపండి.

అయ్యవారు_మదనపల్లె:
చాలా ఏళ్లుగా ప్రభుత్వ బడుల్లో పనిచేస్తున్నాను. మా వైపు గల్ఫ్ వెళ్లని వీధి లేదు. రాయచోటి, పీలేరు, వాయల్పాడు, కలికిరి, ఎటు చూసినా క్లాసులో కొందరి నాన్నలు కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉంటారు.

అమ్మా, ఏడ్చే పిల్లల గురించి నాకు పెద్దగా భయం లేదు. ఏడుస్తారు, వారం పది రోజులు అన్నం సరిగ్గా తినరు, తర్వాత సర్దుకుంటారు. నాకు భయం వేసేది, నాన్న వెళ్లిన మరుసటి రోజు నుంచి ఒక్కసారిగా పెద్దమనిషి అయిపోయే పిల్లోడిని చూస్తే. అల్లరి మానేస్తాడు. ఇంట్లో అందరూ ఇక నుంచి నువ్వే మగదిక్కు అని చెప్పి ఉంటారు. పదేళ్లవాడికి ఆ మాట ఎంత బరువో చెప్పేవాళ్లకు తెలీదు. ఒకడు ప్రతి నెలా ఫలానా తారీఖున బడి ఎగ్గొట్టేవాడు. ఆరా తీస్తే, వాళ్ల అవ్వకు చదువు రాదు, అమ్మ కూలికి పోతుంది, ఏటీఎంలో డబ్బు తీసి వడ్డీ కట్టి వచ్చే పని వీడిది. అప్పు ఎంత, వడ్డీ ఎంత, నాన్న ఈ నెల ఎంత పంపాడు, ఎంత తగ్గింది, అన్నీ నోటికి చెప్పేవాడు. లెక్కల్లో మాత్రం తప్పేవాడు, ఎందుకంటే క్లాసులో కూర్చున్నా మనసు ఇక్కడ ఉండేది కాదు.

2024 జూన్ 12న కువైట్‌లో మంగాఫ్ అనే చోట కార్మికులు ఉండే బిల్డింగులో మంటలు వచ్చి మనవాళ్లు 45 మంది చనిపోయారు, మన రాష్ట్రం వాళ్లూ ముగ్గురు ఉన్నారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ అప్పుడే వేసవి సెలవులు అయిపోయి బడులు తెరుస్తున్నారు. టీవీలో పొగ, శవపేటికలు, అదే పనిగా చూపించారు. ఏడో తరగతి పిల్ల ఒకతె విరామంలో నా దగ్గరికి వచ్చి, సార్, మంగాఫ్‌కు జహ్రా ఎంత దూరం అని అడిగింది. వాళ్ల నాన్న జహ్రాలో ఉంటాడు. అప్పటికే ఫోన్ వచ్చింది, నాన్న క్షేమంగా ఉన్నాడని ఇంట్లో చెప్పారు, కానీ ఆ పిల్లకు నమ్మకం కుదరలేదు, ఎందుకంటే ఇంతకు ముందు నాన్నకు చెయ్యి విరిగినప్పుడు కూడా బాగున్నాడనే చెప్పారు. ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాను, ఇదిగో కువైట్ సిటీ, ఇటు పడమర జహ్రా, అటు దక్షిణాన సముద్రం పక్కన మంగాఫ్. వేలు పెట్టి రెండింటి మధ్యా కొలుచుకుంది. దాని ముఖం అప్పుడు తేటపడింది. పిల్లలకు ధైర్యం చెప్పడం కంటే నిజం చూపించడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

కొర్లగుంట_సిస్టర్:
నేను కొంచెం వేరేగా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. తిరుపతిలోనే పుట్టి పెరిగాను, ఇప్పుడు నర్సుగా చేస్తున్నాను. మా నాన్న చాలా ఏళ్లు కువైట్‌లో వంట మనిషిగా చేశాడు. ఆ డబ్బుతోనే నా చదువు, తమ్ముడి చదువు, ఇల్లు. దాన్ని నేను ఎప్పుడూ బాధగా చెప్పుకోను. మా అమ్మ రెండు చేతులా మమ్మల్ని పెంచింది, మాకు ఏ లోటూ చేయలేదు. నన్ను ఏడిపించింది నాన్న లేకపోవడం కాదు, పెళ్లిళ్లకు పోతే పెద్దవాళ్లు గడ్డం పట్టుకుని, పాపం, తండ్రి దగ్గర లేని పిల్ల అనడం. బతికి ఉండి మా కోసం చెమటోడుస్తున్న మనిషిని అట్లా ఎట్లా అంటారు? కాబట్టి అక్కా, మీ పిల్లల ముందు ఎవరైనా పాపం అంటే అక్కడే ఆపేయండి.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం నాకు. మీకోసమే పోతున్నాడు అని పిల్లలకు చెప్పొద్దు. మా ఇంట్లో రోజూ అదే మాట. అన్నం వదిలేస్తే, మీ నాన్న మీకోసం ఆడ ఎండలో మాడిపోతా ఉంటే నువ్వు ఈడ అన్నం పారేస్తావా. మార్కులు తగ్గితే, మీ నాన్న నీకోసమే కదే. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నాను, ఒక్కో మార్కు పోతే నాన్న ఎన్ని దినార్లు నష్టపోయినట్టు అని లెక్క వేసుకునేదాన్ని. నాకోసమే పోయినాడు అంటే, నేను లేకపోతే పోయేవాడు కాదు అనే కదా పిల్ల మనసుకు అర్థం అయ్యేది! మా తమ్ముడు ఒకరోజు నాకు చదువు వద్దు, నాన్నను పిలిపించండి అన్నాడు, తొమ్మిదో తరగతిలో. అందరూ వాణ్ని తిట్టారు. వాడు చెప్పింది చదువు మీద కోపంతో కాదు.

అప్పు ఉంది, ఇక్కడ పనికి డబ్బు చాలడం లేదు, అక్కడ ఎక్కువ ఇస్తారు, అందుకు పోతున్నాడు. ఇంతే చెప్పండి. నాలుగో తరగతి పిల్లోడికి ఇది అర్థం అవుతుంది.

సాల్మియా_డ్రైవర్:
చెల్లెమ్మా, నేను ఇప్పుడు కువైట్‌లోనే ఉన్నాను. మాది పుంగనూరు వైపు. మీ ఆయన చేయబోయే పనే నాది కూడా, ఇంటి డ్రైవర్, 20 నంబరు వీసా, అంటే ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఇచ్చే వీసా. అందుకని తండ్రి వైపు నుంచి నాలుగు మాటలు.

పొద్దున ఆరుకు బండి తుడిచి రెడీగా పెట్టాలి. సేఠు పిల్లలు ముగ్గురు, వాళ్లను బడికి దింపడం నా పని. చిన్నమ్మాయికి బ్యాగు బరువు, గేటు దాకా నేనే మోసుకెళ్తాను, నీళ్ల బాటిల్ మూత బిగించి చేతికి ఇస్తాను. వాళ్ల టీచర్లకు నేను తెలుసు. నా కూతురు చదివే బడి లోపల ఎట్లా ఉంటుందో నాకు తెలీదు. వీడియోలో గేటు చూశానంతే. ఆ చిన్నమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుంటే ఒక్కోసారి అక్కడే కడుపులో దేవినట్టు ఉంటుంది. ఇదంతా ఇంటికి చెప్పుకోలేం. చెప్తే ఆమె ఏడుస్తుంది. అందుకే ఫోన్ చేసినప్పుడు తిన్నావా, చదువుతున్నావా అనే అడుగుతాం. పీలేరు తమ్ముడు రాసింది చదివి రాత్రంతా అదే ఆలోచిస్తా ఉన్నాను.

పెళ్లాం పిల్లల్ని తీసుకుపోవచ్చు కదా అని మా ఊర్లో అడుగుతారు. ఈ 20 వీసా మీద ఫ్యామిలీని తెచ్చుకోవడానికి లేదు. కంపెనీ వీసా అయినా, 2024 మొదట్లో ఫ్యామిలీ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు నెలకు కనీసం 800 దినార్ల జీతం ఉండాలన్నారు. డ్రైవర్‌కు అంత ఎవరిస్తారు! కాబట్టి పిల్లలకు నిన్ను కూడా తీసుకుపోతాలే అని ఊరడింపుకు కూడా చెప్పొద్దు. నా కూతురు పాస్‌పోర్టు ఫోటో దిగుతా అని జడలు వేసుకుని కూర్చునేది.

నగరి_పాతకాపు:
ఈ రాతలు చూసి పాతవన్నీ గుర్తొచ్చాయి. మాది నగరి, మగ్గాల ఇల్లు. మా నాయన కువైట్‌లో టైలర్. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు నేను ఆరో తరగతి.

అప్పుడు సెల్లులు ఎక్కడివి? ఉత్తరం రావడానికే వారాలు. ఊరి నుంచి ఎవరైనా పోతా ఉంటే క్యాసెట్‌లో మాటలు రికార్డు చేసి పంపేవాళ్లం, అటు నుంచి నాయన క్యాసెట్ వచ్చేది, అందులో ఆయన మాటల వెనక కుట్టు మిషన్ శబ్దం కూడా వినపడేది. యుద్ధం మొదలయ్యాక అన్నీ బంద్. పొద్దునా రాత్రీ ఆకాశవాణి వార్తల దగ్గర చెవులు పెట్టుకుని కూర్చునేవాళ్లం. వీధిలో ఒకరు ఇండియన్లను చంపేస్తున్నారంట అనేవాళ్లు, ఇంకొకరు అందరినీ ఓడలో ఎక్కించారంట అనేవాళ్లు.

మా అమ్మకు రాయడం చదవడం రాదు. కానీ ఆమె ఒక పని చేసింది, అది నేను చచ్చేదాకా మర్చిపోను. నన్నూ అక్కనూ కూర్చోబెట్టి, మీ నాయన సంగతి నాకు ఏమీ తెలీదు, తెలిసిన రోజు మీకే ముందు చెప్తా, మంచైనా చెడైనా, వీధిలోవాళ్లు చెప్పేది నమ్మొద్దు అంది. అంతే. ఆ తర్వాత మేము వీధిలో ఎవరు ఏమన్నా ఇంటికి వచ్చి అమ్మ ముఖం చూసేవాళ్లం, ఆమె ఇంకా లేదురా అనేది, మేము పోయి ఆడుకునేవాళ్లం. నిజంగా ఆడుకునేవాళ్లం.

నాయన బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కు బస్సుల్లో పోయి, అమ్మాన్‌లో ఎడారి గుడారాల్లో ఉండి, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయికి వచ్చాడు. లక్ష మందికి పైగా మనవాళ్లను అట్లా తెచ్చారు ఆ రెండు మూడు నెలల్లో. బొంబాయి నుంచి టెలిగ్రాం కొట్టాడు. ఆ టెలిగ్రాం పోస్టుమ్యాన్ చదివి వినిపిస్తే, అమ్మ దాన్ని తీసుకుని నేరుగా మా బడికి వచ్చింది, వంటింట్లో పని చేసుకునే చీరతోనే, పక్కింటివాళ్లకు కూడా చెప్పకుండా. ముందు మీకే చెప్తానంది కదా.

చంద్రగిరి_అక్క:
అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్నంతా చదువుతానే ఉన్నాను. గుండె పగిలిపోయినట్టు ఉంది, ధైర్యంగా కూడా ఉంది. సిస్టర్ చెప్పిన మాట మా ఇంట్లో అప్పుడే మొదలైపోయింది, మీ నాయన నీ ఫీజు కోసమే పోతాడురా అని మా అత్త బాబుతో అనేసింది మొన్న, వాడికి అప్పుడు అర్థం కాలేదు అనుకుంటున్నాను. పాప సంగతి ఎట్లా? నాలుగేళ్ల పిల్లకు రెండేళ్లు అంటే ఏం తెలుస్తుంది?

వాయల్పాడు_సుబ్బు:
అక్కా, పాపకు రెండేళ్లు అని చెప్పినా తెలీదు. మా ఇంట్లో పాపకు, వాళ్ల నాన్న పోయినప్పుడు, మేం పండగలు చెప్పాం. గంగజాతర, వినాయక చవితి, సంక్రాంతి, ఇవన్నీ రెండుసార్లు అయిపోవాలి అని. పూర్తిగా అర్థం కాకపోయినా ప్రతి పండక్కీ ఇంకెన్ని అని అడిగేది, అడగడానికి ఏదో ఒకటి దొరికింది దానికి.

కానీ ఒక హెచ్చరిక. చెప్పిన టైముకు రాలేడని తెలిస్తే వెంటనే చెప్పేయండి. మా నాన్న విషయంలో అది జరగలేదు. పని పెట్టుకున్న ఇంట్లో జీతం ఇవ్వకపోతే బయటికి వచ్చేశాడు, అకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్, అయిపోయింది. ఇక పాస్‌పోర్టు వాళ్ల దగ్గర, కాగితాలు లేవు, దొరికితే జైలు, వద్దామంటే రోజురోజుకీ జరిమానా. ఇవేవీ మాకు చెప్పలేదు. వచ్చే నెల, దసరాకు, పరీక్షలు అయ్యేలోపు, ఇట్లా చెప్పుకుంటా పోయారు. నేను ఒక దశలో నాన్నకు అక్కడ వేరే సంసారం ఉందేమో అనుకున్నాను. ఎవరో అన్నారు, నేను నమ్మాను. ఎందుకు నమ్మకూడదు? నాకు నిజం చెప్పినవాళ్లు లేరు కదా. 2018లో కువైట్ ప్రభుత్వం ఆమ్నెస్టీ, అంటే కాగితాలు లేనివాళ్లకు క్షమాభిక్ష, ఇచ్చినప్పుడు జరిమానా లేకుండా బయటపడి వచ్చాడు. వచ్చేసరికి నాకు మీసాలు వచ్చాయి. చెన్నై ఎయిర్‌పోర్టులో ఆయన నన్ను దాటుకుని వెనకాల ఉన్న మా మామ కొడుకును పట్టుకున్నాడు, నేను అనుకుని. నేను ఏమీ అనలేదు. ఇద్దరం మామూలుగా మాట్లాడుకోవడానికి చానా కాలం పట్టింది.

ఇంకా చెప్పాలంటే, సెలవుకు వచ్చిన నాన్నలు రెండు నెలల్లో రెండేళ్ల పెంపకం చేసేయాలనుకుంటారు. పొద్దున లేవలేదని, జుట్టు కత్తిరించుకోలేదని, ఫోన్ ఎక్కువ చూస్తున్నాడని అరుస్తారు. పిల్లోడికి అప్పటికి ఇంట్లో అమ్మ రాజ్యం అలవాటై ఉంటుంది. మీ ఆయనకు ఇది ముందే చెప్పి పంపండి.

శ్రీకాళహస్తి_రాధ:
నాన్నల గురించి అందరూ రాస్తున్నారు, నాకు రాయాలనిపించింది. మా ఇంట్లో పోయింది అమ్మ. ఇంటిపనికి. నాన్న పోతే ఊరు డబ్బు వస్తుంది అంటుంది, అమ్మ పోతే ఊరు వేరే మాటలు అంటుంది, ఆ మాటలు వినేది పిల్లలే. ఎనిమిదో తరగతి నుంచి ఇంట్లో వంట నాదే. పెద్దమనిషిని అయినప్పుడు అమ్మకు ఫోన్‌లో చెప్పాల్సి వచ్చింది, అప్పుడు కూడా వాళ్ల ఇంట్లో గిన్నెలు కడుగుతా మాట్లాడింది.

నిర్వాహకుడు:
రాధ గారూ, మీరు రాసింది చాలా ముఖ్యమైన విషయం, ఇక్కడ కలిసిపోతే మరుగున పడిపోతుంది. అమ్మ వలస వెళ్లిన పిల్లల గురించి వేరే చర్చ తెరుస్తున్నాను, మీ మాటే అందులో మొదట ఉంటుంది. మిగతావాళ్లు కూడా అక్కడ రాయండి.

కొర్లగుంట_సిస్టర్:
సుబ్బు అన్న రాసింది చదివాక ఇది చెప్పకుండా ఉండలేను. అక్కా, కాగితాలు మీరు స్వయంగా చూడండి. నాన్న సెలవుకు రాగలడా లేదా అన్నది ఆ కాగితాల మీదే ఉంది, పిల్లలకు మీరు చెప్పే మాట నిలబడాలంటే అవి సరిగ్గా ఉండాలి. మీ ఆయన టెన్త్ పాస్ కాకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది, అంటే పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి, అప్పుడు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో క్లియరెన్స్ తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే ఒప్పుకోవద్దు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడొచ్చు, వాళ్లు తీసుకోవాల్సిన సర్వీసు ఛార్జి చట్టం ప్రకారం 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించకూడదు. ప్రవాసీ భారతీయ బీమా అని ఉంది, రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. రాష్ట్రం తరఫున ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీ సంస్థ వాళ్ల ప్రవాసాంధ్ర భరోసా బీమా కూడా ఉంది. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు ఇంట్లో ఒక సెట్టు పెట్టుకోండి, కఫీల్, అంటే అక్కడ పని ఇచ్చే స్పాన్సర్, పేరు, ఫోన్ నంబరు రాసుకోండి.

ఒక మంచి సంగతి కూడా చెప్తాను. మా తమ్ముడికి నాన్న మొక్కుకున్నాడు, తాతయ్యగుంట గంగమ్మకు బైరాగి వేషం. మే నెల జాతరలో వాడు ఒంటికి తెల్లనాము సుద్ద పూసుకుని, చేతిలో వేపాకు పట్టుకుని గుడికి పోతా ఉంటే దారంతా వీడియో కాల్. అక్కడ నాన్న వంట చేస్తానే ఫోన్ ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టుకుని, ఒరేయ్ ఆ వీధిలో ఎడమకు తిరుగు, ఫలానా వాళ్ల అంగడి ముందు ఆగు, వాళ్లకు కనపడు అని చెప్తా ఉన్నాడు. ఊర్లో ఉన్న నాన్నల కంటే ఎక్కువగా వెంట నడిచాడు ఆరోజు. దూరంగా ఉన్న మనిషికి ఇట్లాంటి పనులు అప్పగించాలి. ఫీజు పంపడం ఒక్కటే ఆయన పని కాకూడదు.

చంద్రగిరి_అక్క:
చెప్పేశాం. నేను కాదు, ఆయనే చెప్పాడు. మీరు రాసినవి ఆయనకు చదివి వినిపించాను, పీలేరు తమ్ముడు రాసిన దగ్గర ఫోన్ నా చేతిలోంచి తీసుకుని ఆయనే చదువుకున్నాడు. వాళ్ల నాయన పోయిన రాత్రి తనకు మెలకువగానే ఉందంట, నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుని పడుకున్నాడంట, లేస్తే నాయన బాధపడతాడని. ఇన్నేళ్లలో మా అత్తకు కూడా చెప్పలేదు. ఆమె అక్కడే ఉండి విన్నది. ఇంక ఆమె ఏమీ అనలేదు.

ఆదివారం బాబును బండి మీద స్వర్ణముఖి వైపు తీసుకుపోయి చెప్పాడు. అప్పు ఉంది, రెండేళ్లు పని చేసి వస్తా, మధ్యలో రావడం కుదరదు, కుదిరితే ముందు నీకే చెప్తా అని. వాడు ఏడ్చాడు. ఇంటికి వచ్చి కోపంగా రాత్రి అన్నం తినలేదు. పొద్దున లేచి నోటుపుస్తకంలో కాగితం చించి ప్రశ్నలు రాసి నాన్నకు ఇచ్చాడు. ఆయనకు జవాబులు తెలీదు, ఇంకా పోలేదు కదా. సాల్మియా అన్నా, మీరే చెప్పాలి. నాన్న గదికి కిటికీ ఉంటుందా? అన్నం ఎవరు వండుతారు? అక్కడ వాన పడుతుందా? జ్వరం వస్తే ఎవరు చూస్తారు? నాకు రాత్రి భయం వేస్తే ఫోన్ చేయొచ్చా?

సాల్మియా_డ్రైవర్:
బాబుకు ఇట్లా చెప్పండి. చాలా ఇళ్లలో డ్రైవర్ గది గేటు పక్కనే ఉంటుంది. నా గదికి చిన్న కిటికీ ఉంది, గోడ కనపడుతుంది. అన్ని ఇళ్లూ ఒకటి కాదు, నాన్న పోయిన రోజే గది మొత్తం వీడియో తీసి పంపమని చెప్పు. ఏసీ మాత్రం ఉంటుంది, అది లేకుండా ఇక్కడ బతకలేం. 2016 జూలైలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు వచ్చింది, ప్రపంచంలోనే పెద్ద ఎండల్లో అదొకటి, బడిలో మీ సార్‌కు చెప్పు. వాన చలికాలంలో పడుతుంది, కొన్ని రోజులే. కొన్ని ఇళ్లలో లోపలి నుంచి అన్నం ఇస్తారు, ఇవ్వకపోతే నాన్నే వండుకుంటాడు. బియ్యం, కందిపప్పు, చింతపండు, రాగిపిండి కూడా ఇండియా అంగళ్లలో దొరుకుతాయి, సంగటి కెలకడం రాకపోతే పోయేలోపు అవ్వ దగ్గర నేర్చుకోమను. జ్వరం వస్తే ప్రభుత్వ క్లినిక్ ఉంటుంది, సివిల్ ఐడీ, అంటే కువైట్ గుర్తింపు కార్డు, చూపిస్తే చూస్తారు. పక్క ఇళ్లలో మన జిల్లా డ్రైవర్లు ఉంటారు, శుక్రవారం అందరం కలుస్తాం, మీ ఆయన దిగినాక నా నంబరు ప్రైవేటుగా పంపిస్తాను.

ఫోన్ సంగతి. ఇక్కడి టైము మీకంటే రెండున్నర గంటలు వెనక. బాబు రాత్రి తొమ్మిదికి పడుకునేటప్పుడు మాకు ఆరున్నర, అప్పుడు డ్యూటీలో ఉంటాం, బండి నడుపుతా ఫోన్ ఎత్తకూడదు. సాయంత్రం ఐదున్నర పెట్టుకోండి, మాకు మూడు, ఇంటివాళ్లు భోంచేసి పడుకునే టైము, ఎవరూ పిలవరు. రాత్రి భయం వేస్తే వాయిస్ మెసేజ్ పెట్టమను, డ్యూటీ దిగినాక నాన్న విని జవాబు పెడతాడు, పొద్దున లేచేసరికి ఉంటుంది. మొదటి వారం పది రోజులు మాత్రం సిమ్ము, నెట్టు కుదిరేదాకా ఫోన్ రాకపోవచ్చు, అది బాబుకు ఇప్పుడే చెప్పి పెట్టండి.